తెలుగు దేశమునకు మూడుసార్లు వచ్చిన ఫాదర్ హయ్యర్



గుంటూరు పట్టణములోని లూథరన్ సంఘము 1842లో మొదలైంది. ఆ సంఘ చరిత్ర ఎవరు వ్రాసినా ఒక మనిషి పేరుతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది. ఆయన రెవరెండ్ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు. గుంటూరు, పల్నాడు, గోదావరి ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలు ఆయనను ఫాదర్ హయ్యర్ అని పిలుచుకుంటాయి. ఆయన కతోలిక గురువు కాదు. పెద్ద వయస్సు మీద, తండ్రి వంటి మనస్సు మీద ఉన్న గౌరవముతో నిలిచిపోయిన పిలుపు అది.

మనము బాప్తిస్టులము, ఆయన లూథరన్. అయినా ఆయన జీవితమును ఈ పుటలలో వ్రాయడానికి మాకు రెండు కారణాలు కనబడ్డాయి. మొదటిది, నెల్లూరు, ఒంగోలులలో మన పెద్దలకు సువార్త అందిన కాలములోనే పక్కనున్న గుంటూరులో ఈ సేవ జరిగింది. ఒకరి కష్టము ఒకరికి తెలిసిన పొరుగువారి చరిత్ర ఇది. రెండవది, హయ్యర్ గారు పుట్టిన ఊరు విడిచి, పరాయి దేశములో పెరిగి, తనవంటి వలసదారుల మధ్య సంఘాలు కట్టిన మనిషి. తాతల కాలములో ఊళ్ళు విడిచి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాము చేరి స్థిరపడిన మన కుటుంబాలకు ఆయన కథలో తెలిసిన ముఖాలు కనబడతాయి.

పద్నాలుగేళ్ళ వలస బాలుడు

హయ్యర్ గారు 1793 జూలై 10న జర్మనీ దేశములోని హెల్మ్‌స్టెట్ అనే ఊరిలో పుట్టారు. ఆయన బాల్యమంతా నెపోలియన్ యుద్ధాల కాలము. కుర్రవాడు ఎదుగుతున్నకొద్దీ సైన్యానికి పట్టుకుపోతారన్న భయము ఆ రోజుల్లో ప్రతి ఇంటిలోనూ ఉండేది. 1807లో, పద్నాలుగేళ్ళ వయస్సులో, తల్లిదండ్రులు ఆయనను సముద్రము దాటించి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరకు పంపించారు. ఆ మేనమామ టోపీలు తయారుచేసి అమ్మే వ్యాపారి. పిల్లవాడు అక్కడ పని నేర్చుకుంటూ పెరిగాడు.

ఆ పట్టణములో జర్మను మాట్లాడేవారికి పెద్ద లూథరన్ సంఘము ఉండేది. ఇంటి భాషలో ఆరాధన, ఇంటి భాషలో పాటలు, ఊరివారి ముఖాలు అన్నీ అక్కడ దొరికాయి. తల్లిదండ్రులకు దూరమైన ఆ బాలునికి ఆ సంఘమే ఇల్లయింది. పరాయి ఊరిలో మన భాష పాట వినబడినప్పుడు కాలు ఎలా ఆగుతుందో మన పాఠకులకు మేము వివరించనక్కరలేదు. ఆ సంఘములోనే ఆయనకు పాదిరి సేవ చేయాలనే కోరిక పుట్టింది. అక్కడి పెద్ద పాదిరుల దగ్గర వేదాంతము చదివి, 1815లో జర్మనీ వెళ్ళి గోటింగెన్ విశ్వవిద్యాలయములో కొంతకాలము చదువుకొని తిరిగి వచ్చారు. 1817లో పెన్సిల్వేనియా పాదిరుల మండలి ఆయనకు ప్రసంగించే అనుమతి ఇచ్చింది. 1820లో అభిషేకము జరిగింది. దానికి ముందు ఏడాది, 1819లో, మేరీ అనే వితంతువును ఆయన వివాహము చేసుకున్నారు.

తరువాత ఇరవై యేళ్ళకు పైగా ఆయన పని అంతా గుర్రము మీదనే సాగింది. జర్మను వలసదారులు అడవులు కొట్టుకుంటూ, పొలాలు చేసుకుంటూ పడమటికి పోతున్న రోజులవి. పెన్సిల్వేనియా కొండ ప్రాంతాలు, మేరీలాండు, ఒహాయో, ఇండియానా, కెంటకీ, ఇల్లినాయ్, మిస్సోరి అంతటా వారు చెల్లాచెదరుగా ఉన్నారు. బాప్తిస్మమివ్వడానికీ, చనిపోయినవారిని పాతిపెట్టడానికీ పాదిరి లేని ఊళ్ళవి. హయ్యర్ గారు ఒక ఊరి నుండి మరొక ఊరికి తిరుగుతూ నాలుగైదు కుటుంబాలు దొరికినచోట సంఘము కూర్చారు. కొంతకాలము ఆదివారపు బడుల కొరకు కూడా తిరిగారు.

ఇక్కడ ఒక సంగతి మన పెద్దలు గమనించాలి. వలస వచ్చిన మొదటి తరము జర్మను మాట్లాడింది. పిల్లలు ఇంగ్లీషులోకి మారిపోయారు. ఏ భాషలో ఆరాధన జరగాలన్న తగవు ఆనాటి జర్మను సంఘాలు చాలావాటిలో వచ్చింది. భాష పోతే విశ్వాసమే పోతుందని కొందరు, భాష పట్టుకు కూర్చుంటే పిల్లలు పోతారని కొందరు. 1837లో పిట్స్‌బర్గ్ పట్టణానికి వెళ్ళిన హయ్యర్ గారు అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవారికి ఒక లూథరన్ సంఘము, జర్మను మాట్లాడేవారికి ఒక సంఘము, రెండూ నెలకొల్పారు. పెద్దలను వారి భాషలో, పిల్లలను వారికి వచ్చిన భాషలో పోషించారు. మన కూడికలలో తెలుగు చదవలేని పిల్లల గురించి మాట వచ్చినప్పుడెల్లా ఈ పిట్స్‌బర్గ్ సంగతి మాకు గుర్తుకు వస్తుంది.

మొదటి రాక

1839 జనవరిలో ఆయన భార్య మరణించారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్ళు. ఆ మరుసటి యేడు, 1840లో, ఇండియాకు మిషనరీగా వెళ్ళమని అమెరికా లూథరన్లు ఆయనను ఏర్పరచుకున్నారు. అక్కడివరకు అందరికీ సంతోషమే. అయితే ఆ మిషను వేరొక పెద్ద మిషనరీ సంస్థ అధికారము క్రింద నడవాలని సంఘ నాయకులు ఏర్పాటు చేశారు. ఆ సంస్థవారు భక్తిపరులే కాని లూథరన్లు కారు. వేరొకరి చేతి క్రింద కాక తన సంఘము పంపితేనే తన సంఘానికి బాధ్యత ఉంటుందని హయ్యర్ గారి అభిప్రాయము. ఆయన ఆ నియామకమును వదలుకున్నారు. 1841లో పెన్సిల్వేనియా పాదిరుల మండలి ముందుకు వచ్చి ఆయనను తన సొంత మిషనరీగా పంపించింది.

దీనిని మొండితనమని కొందరు అనుకొని ఉండవచ్చు. కాని ఆయనకు ఇతర సంఘాలవారితో వైరము లేదు. ఆ యేడు అక్టోబరు నెలలో బోస్టను రేవులో ఆయన ఎక్కిన ఓడలో తోటి ప్రయాణికులు ఆ సంస్థ మిషనరీలే. వారితో కలసి నెలల తరబడి సముద్రము మీద ప్రయాణము చేశారు. తన సంఘమును ప్రేమించడము, పక్క సంఘమును గౌరవించడము రెండూ ఒకే మనిషిలో ఉండగలవని ఆయన నడత చూపుతుంది. ప్రయాణానికి ముందు బాల్టిమోర్‌లో కొంత సంస్కృతము, కొంత వైద్యము కూడా నేర్చుకున్నారు. పిల్లలను అమెరికాలో విడిచి బయలుదేరారు. తల్లి పోయి మూడేళ్ళు కూడా కాని పిల్లలు. ఆ విడిపోవడము ఎంత భారమో ఊహించడము కష్టము కాదు. సేవ కథలు వ్రాసేటప్పుడు వెనుక మిగిలిన పిల్లలను మనము తరచు మరచిపోతాము.

1842 మార్చిలో కొలంబో చేరి, అక్కడినుండి తిరునల్వేలి సీమ మీదుగా మద్రాసు వచ్చారు. మద్రాసు నుండి గుంటూరుకు దారి నెల్లూరు, ఒంగోలు మీదుగానే. నెల్లూరులో 1840 నుండి మన బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు పని చేస్తూ ఉన్నారు. 1842 జూలై 31న హయ్యర్ గారు గుంటూరు చేరుకున్నారు. 49వ పుట్టినరోజు దాటి అప్పటికి మూడు వారాలు.

ఆనాటి గుంటూరు ఎలా ఉండేదో కొంచెము చెప్పుకోవాలి. దానికి పదేళ్ళ ముందే, 1832-33లో, నందన నామ సంవత్సరపు కరువు ఆ సీమను తుడిచిపెట్టింది. డొక్కల కరువని జనము చెప్పుకునేది అదే. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. బ్రతికినవారు ఎందరో మద్రాసు దారి పట్టారు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట ఇంకా లేదు. అది పూర్తి కావడానికి 1855 దాకా ఆగవలసి వచ్చింది. అటువంటి కాలములో గుంటూరు కలెక్టరుగా ఉన్న హెన్రీ స్టోక్స్ దొరగారు భక్తిపరుడు. ఈ సీమకు ఒక మిషనరీ రావాలని ఆయన అంతకుముందు నుండీ కోరుకుంటూ ఉన్నారు. హయ్యర్ గారిని ఆదరించి, అక్కడే నిలబెట్టినవాడు ఆయనే.

కలెక్టరు స్నేహము కొత్తగా వచ్చినవానికి ఆసరా అయింది. అదే స్నేహము వలన మిషనరీ కూడా సర్కారు దొరేనని జనము అనుకునే వీలుంది. ఆ అనుమానము పోవాలంటే జనము భాష రావాలి, వారి ఇండ్లలోకి వెళ్ళాలి. యాభై దగ్గర పడుతున్న వయస్సులో హయ్యర్ గారు తెలుగు అక్షరాలు దిద్దడము మొదలుపెట్టారు. మొదట్లో దుబాసీ సహాయముతో బోధిస్తూ, ఆ యేడే బడి తెరిచారు. ఆడపిల్లలను చదువుకు పంపడము అలవాటు లేని ఆ రోజుల్లో వారికీ బడి పెట్టారు. గుంటూరులో లూథరన్ విద్యాలయాలన్నిటికీ మొదటి మెట్టు ఆ చిన్న బడులే.

1844లో వాల్టర్ గన్ గారు, ఆయన భార్య సహాయముగా వచ్చారు. తరువాతి యేడు చివర హయ్యర్ గారి ఆరోగ్యము దెబ్బతిన్నది. పనిని గన్ గారి చేతిలో పెట్టి ఆయన అమెరికాకు తిరుగు ప్రయాణమయ్యారు. మూడేళ్ళకు పైగా పని చేశారు. కూడిన విశ్వాసులు కొద్దిమందే. అక్కడితో ఆయన కథ ముగిసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు.

రెండవ రాక, పల్నాటి సేవ

అమెరికా చేరిన హయ్యర్ గారు విశ్రాంతి తీసుకోలేదు. బాల్టిమోర్‌లో ఒక సంఘమును నడుపుతూనే వైద్య కళాశాలలో చేరారు. గుంటూరు సీమలో జ్వరాలు, కలరా చూసి వచ్చిన మనిషికి ఉట్టి చేతులతో తిరిగి వెళ్ళడము ఇష్టము లేకపోయింది. తన పిల్లల వయస్సు కుర్రవాళ్ళ పక్కన కూర్చొని చదివి 1847లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. అప్పుడాయనకు 54వ యేడు. 1848లో మళ్ళీ గుంటూరులో ఉన్నారు.

1849లో గుంటూరుకు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరములో ఉన్న పల్నాటికి, గురజాలకు, ఆయన నివాసము మార్చారు. ఇప్పుడు బస్సు ఎక్కితే కొన్ని గంటల దారి. అప్పుడు రాళ్ళు, తుప్పలు, వాగులు. పల్నాటి వీరుల కథ వినని తెలుగువాడు ఉండడు. ఆ కథ జరిగిన నేల మీద, మన్యపు జ్వరాల నడుమ, తెల్ల గడ్డపు డాక్టరు ఒంటరిగా కాపురము పెట్టారు. ఒక చేతిలో మందు, ఒక చేతిలో వాక్యము.

గుంటూరు పట్టణములో ఏళ్ళ తరబడి కనబడని ఫలము పల్నాటి పల్లెలలో త్వరలోనే కనబడింది. కుటుంబాలకు కుటుంబాలు బాప్తిస్మము అడగడము మొదలుపెట్టాయి. వారిలో ఎక్కువమంది ఊరి వెలుపల ఉంచబడినవారు, ఇతరుల పొలాలలో కష్టము చేసుకొని బ్రతికేవారు. గుడి మెట్లు ఎక్కనివ్వని, ఊరి బావి తాకనివ్వని జనము. తమ పేటకు వచ్చి, తమ రోగిని తాకి, తమ పిల్లవానికి అక్షరాలు చెప్పిన మనిషిని వారు నమ్మారు. గుంటూరు సీమలో క్రైస్తవ సంఘము పల్లెల సంఘముగా ఎదగడానికి ఇదే మొదలు అని మేము అనుకుంటున్నాము. పట్టణములో మిషను బంగళా, బడి నిలిచినా, సంఘమును నింపినది పల్లెలే.

ఈ రెండవ విడతలోనే గోదావరి సేవ కూడా చేతికి వచ్చింది. 1845లో ఉత్తర జర్మనీ మిషనువారు వాలెట్ గారి ద్వారా రాజమండ్రిలో పని ప్రారంభించారు. డబ్బు ఇబ్బందుల వలన 1850-51లో ఆ సేవను అమెరికా లూథరన్లకు అప్పగించారు. అలా గుంటూరు, రాజమండ్రి ఒకే మిషను అయ్యాయి. 1851లోనే గుంటూరులో వాల్టర్ గన్ గారు క్షయ వ్యాధితో మరణించారు. ఆయన సమాధి గుంటూరు నేల మీదనే ఉంది. హయ్యర్ గారు పల్నాటి నుండి గుంటూరుకు మరల వచ్చి పని చూసుకోవలసి వచ్చింది. 1857లో, 64 ఏళ్ళ వయస్సులో, ఆయన రెండవసారి సెలవు తీసుకున్నారు.

అమెరికాలో ఆయన చేరినది కుమారుల ఇంటి అరుగు మీదకు కాదు. అప్పుడే తెరుచుకుంటున్న మిన్నెసోటా అనే ఉత్తర ప్రాంతానికి వెళ్ళారు. అక్కడా జర్మను వలసదారులే, కాపరి లేని కుటుంబాలే. సెయింట్ పాల్ పట్టణములో సేవ చేసి, 1860లో అక్కడి సంఘాలను కలిపి మిన్నెసోటా సినడు ఏర్పరచి, దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. యౌవనములో చేసిన పనినే ముసలితనములో మంచు దేశములో మరల చేశారు.

మూసివేయబోయిన తలుపు

ఇటు తెలుగు దేశములో పరిస్థితి దిగజారింది. 1861లో అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధము మొదలై నాలుగేళ్ళు సాగింది. పంపవలసిన డబ్బు తగ్గింది. పంపవలసిన మనుష్యులు రాలేదు. రాజమండ్రిలో పనిచేసిన గ్రోనింగ్ గారు 1865లో వెళ్ళిపోయారు. 1858లో వచ్చిన ఆడమ్ లాంగ్ గారు 1866లో మశూచితో చనిపోయారు. ఆయన ఇద్దరు పిల్లలు కూడా అదే రోగానికి బలి అయ్యారు. మిగిలినది ఉనాంగ్స్ట్ గారు ఒక్కరే. ఆయన గుంటూరులో ఉండి కృష్ణకు ఆవల, ఈవల ఉన్న పని అంతా ఒంటి చేతితో మోశారు. పైగా అమెరికాలో లూథరన్లు తమలో తాము రెండు వర్గాలుగా చీలిపోయారు.

ఆ స్థితిలో రాజమండ్రి సేవను ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించాలన్న ఆలోచన 1869లో దాదాపు ఖాయమైంది. అది చెడ్డ ఆలోచన అని మేము అనడము లేదు. ఆ సొసైటీవారు బందరులో, ఏలూరులో మంచి సేవ చేస్తున్నవారు. నడపలేని పనిని నడపగలవారికి ఇవ్వడము న్యాయమే. అయితే తెలుగు విశ్వాసుల తట్టునుండి ఆలోచిస్తే, మమ్మును కన్నవారు మమ్మును విడిచిపెట్టారు అనే మాట వారి మనస్సులో మిగిలిపోయేది.

మన చరిత్ర తెలిసినవారికి ఇది ఎక్కడో విన్నట్టుగా ఉంటుంది. నెల్లూరు బాప్తిస్టు మిషను కూడా ఒకటికి మూడుసార్లు మూసివేత అంచుకు వెళ్ళింది. 1853లో ఆల్బనీ పట్టణములో జరిగిన సభలో దానిని విడిచిపెట్టాలా అని చర్చ జరిగింది. ఒంటరి నక్షత్రము అన్న పేరు మన మిషనుకు వచ్చినది ఆ సభ నుండే. 1862లో మరల అదే మాట వచ్చినప్పుడు జూయెట్ గారు, విడిచిపెట్టినా తాను మాత్రము నెల్లూరు తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. ఆయన పట్టు వలన ఆ తలుపు తెరిచి ఉంది. తరువాత 1866లో క్లౌ గారు ఒంగోలు చేరారు. అక్కడ జరిగినది మన కుటుంబ చరిత్రే. లూథరన్ల విషయములో ఆ పట్టు పట్టినవారు హయ్యర్ గారు.

రాజమండ్రి చేయి జారుతున్నదన్న వార్త తెలిసేనాటికి ఆయన ఐరోపాలో ఉన్నారు. వెంటనే ఓడ ఎక్కి అమెరికా చేరి, 1869లో రెడింగ్ అనే ఊరిలో జరిగిన పెన్సిల్వేనియా పాదిరుల మండలి సభలో నిలబడ్డారు. ఈ సేవను ఇతరులకు ఇవ్వవద్దని, వెళ్ళేవారు లేకపోతే తానే వెళ్తానని వేడుకున్నారు. ఆ జూలైకి ఆయనకు 76 ఏళ్ళు నిండుతాయి. కూర్చున్న పాదిరులలో సగము వయస్సువారు ఎందరో. ఆ ముసలివాని ముందు ఎవరికీ వద్దు అనడానికి నోరు రాలేదు. ఎనభై అయిదేళ్ళ వయస్సులో కొండసీమ తనకిమ్మని అడిగిన కాలేబు సంగతి వారికి జ్ఞాపకము వచ్చే ఉంటుంది. అప్పగింత ఆగిపోయింది.

మూడవ రాక

1869 డిసెంబరు 1న హయ్యర్ గారు రాజమండ్రి చేరుకున్నారు. ఆయన మొదటిసారి వచ్చినప్పటికీ ఇప్పటికీ గోదావరి సీమ మారిపోయింది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తయి, కరువు చూసిన చోట కాలువలు పారుతున్నాయి. సంఘము మాత్రము బక్కచిక్కి ఉంది. కాని ఆరిపోలేదు. అది ఆరిపోకుండా ఉండడానికి కారణము ఎవరని అడగాలి. ఉనాంగ్స్ట్ గారు దూరమునుండి చూసుకున్నారు. దగ్గర ఉండి నిలబెట్టినవారు తెలుగు ఉపదేశులు. గ్రోనింగ్ గారి దగ్గర చదువుకున్న తోట జోసెఫ్ గారు, నేలప్రోలు పౌలుసు గారు వారిలో ముఖ్యులు. 1878లో వీరిద్దరికీ పాదిరి అభిషేకము జరిగింది. హయ్యర్ గారి పేరు పక్కన వీరి పేర్లు కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే చెప్పినట్టు. వచ్చే దొర ఎప్పుడు వస్తాడో, వస్తాడో రాడో తెలియని రోజుల్లో ఆదివారము ఆదివారము గంట కొట్టి జనమును కూర్చినవారు వీరు.

1870లో యువకుడైన బెకర్ గారు సహాయముగా వచ్చారు. వచ్చిన కొద్దికాలానికే చనిపోయారు. యువకుని పాతిపెట్టి ముసలివాడు మరల పనికి వెళ్ళవలసి వచ్చింది. ఆ యేడే ష్మిట్ గారు వచ్చారు. ఆయన చేతికి పని అప్పగించి 1871 ఆరంభములో హయ్యర్ గారు మూడవసారి, చివరిసారి, తెలుగు దేశము విడిచారు. ష్మిట్ గారు ఆ తరువాత ముప్పై యేళ్ళకు పైగా రాజమండ్రిలో నిలిచారు. హయ్యర్ గారు మూడవసారి ఉన్నది పదమూడు నెలలే. ఆ పదమూడు నెలలు లేకపోతే ఆ ముప్పై యేళ్ళు ఉండేవి కావు.

అమెరికాలో ఆయన చివరి రోజులు ఫిలడెల్ఫియాలోని లూథరన్ వేదాంత పాఠశాలలో గడిచాయి. అక్కడి విద్యార్థులకు తండ్రిగా, కాపరిగా ఉన్నారు. 1873 నవంబరు 7న, 80 ఏళ్ళు నిండి, ప్రభునందు నిద్రించారు. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ ప్రాంతములో, 34 యేళ్ళ క్రితము చనిపోయిన భార్య ప్రక్కన ఆయన దేహమును ఉంచారు. ఏ పట్టణానికి పద్నాలుగేళ్ళ బాలుడుగా వలస వచ్చారో ఆ పట్టణములోనే కన్నుమూశారు.

తరువాతి గుంటూరు

హయ్యర్ గారు పోయిన యేడే ఉల్ గారు గుంటూరు వచ్చారు. 1842 నాటి బడి పెరిగి 1885లో కళాశాల అయింది. 1926లో అది పట్టా తరగతులతో ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ఎదిగింది. ఏ.సి. కాలేజీ అంటే తెలియని గుంటూరువాడు లేడు. నందమూరి తారక రామారావు గారు అక్కడ చదివినవారే. 1883లో డాక్టరు అన్నా కూగ్లరు గారు వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్యము మొదలుపెట్టారు. ఆ సీమలో అన్ని కులాల స్త్రీలు ఆమె ఆసుపత్రిలో కాన్పులు పోసుకున్నారు. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. వినుకొండలో పుట్టిన మహాకవి గుఱ్ఱం జాషువ గారు గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చాలా ఏళ్ళు పనిచేశారు. చదువు అందనివ్వని ఇండ్లలోకి చదువు చేరితే ఏమవుతుందో ఆయన కవిత్వము చెబుతుంది.

అమెరికాలో విడిపోయిన లూథరన్ వర్గాలు 1918లో కలిశాయి. ఇక్కడ గుంటూరు, రాజమండ్రి సేవలు కూడా కలసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘముగా ఏర్పడ్డాయి. 1944లో ఆ సంఘానికి మొదటిసారి భారతీయుడు, ఇ. ప్రకాశము గారు, అధ్యక్షుడయ్యారు. 1869లో ఇతరులకు ఇచ్చివేయబోయిన రాజమండ్రి ఆ సంఘానికి ఒక కన్నుగా నిలిచింది.

మనకు మిగిలిన మాట

హయ్యర్ గారు మహా పండితుడని గాని, గొప్ప ప్రసంగీకుడని గాని మేము చెప్పడము లేదు. మూడు విడతలు కలిపి తెలుగు దేశములో ఆయన ఉన్నది పదమూడు, పద్నాలుగు ఏళ్ళే. అంతకంటె ఎక్కువకాలము ఉన్నవారు ఎందరో ఉన్నారు. అయినా ఆయనను ఫాదర్ అని ఎందుకు పిలుచుకుంటున్నారు? మొదట వచ్చినందుకు మాత్రమే కాదని మా అభిప్రాయము. పని చెడిపోబోయిన ప్రతిసారీ ఆయన తిరిగి వచ్చారు. మొదటిసారి రావడానికి ఉత్సాహము సాయపడుతుంది. రెండవసారి, మూడవసారి రావడానికి అది చాలదు. అక్కడి జ్వరము, అక్కడి ఎండ, అక్కడి సమాధులు, కొద్దిపాటి ఫలము అన్నీ తెలిసి కూడా రావాలి.

పరాయి రాష్ట్రాలలో మన తెలుగు సంఘాలు చాలా చిన్నవి. ఒక కుటుంబము బదిలీ అయి వెళ్తే పాట పాడేవారు ఉండరు. పిల్లలు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకొని ఆ భాషల సంఘాలకు వెళ్తున్నారు. ఇక మనము మూసివేసి పక్క సంఘములో కలసిపోదామా అన్న ప్రశ్న కొన్నిచోట్ల వస్తూనే ఉంది. అన్నిచోట్లా ఒకే జవాబు చెప్పగలవారము మేము కాము. పిల్లలకు వచ్చిన భాషలో కూడా ఆరాధన పెట్టుకోవచ్చు. హయ్యర్ గారు పిట్స్‌బర్గ్‌లో చేసినది అదే. పక్క సంఘమువారు మనకు శత్రువులు కారు. ఆయన వారితో ఒకే ఓడలో ప్రయాణము చేశారు. అయితే తలుపు వేసేముందు ఒక్కసారి చుట్టూ చూడాలి. జోసెఫ్, పౌలుసు గార్ల వలె ఆదివారము గంట కొట్టేవారు ఇద్దరు ఉన్నారేమో, వెళ్ళిపోయినవారిలో తిరిగి రాగల ముసలివారు ఒకరు ఉన్నారేమో విచారించాలి.

గుంటూరు వెళ్ళే మన పాఠకులు ఈసారి అక్కడి లూథరన్ ఆలయములో ఒక ఆరాధనకు వెళ్ళి రావలసినదిగా కోరుతున్నాము. సెలవులకు వచ్చిన పిల్లలను కూడా వెంట తీసుకొని వెళ్ళండి. 76 ఏళ్ళ వయస్సులో పెట్టె సర్దుకున్న మనిషి కథ దారిలో వారికి చెప్పండి.